మందులు ముందు, ఆపరేషన్ తర్వాత

పుణె

ప్రియమైన విజయక్కకు,

చెల్లెలు కరుణ వందనాలు. దేవుని దయవల్ల ఇక్కడ నేనూ మీ మరిదీ బాగున్నాం. తెనాలిలో నువ్వూ బావగారూ, రేపల్లెలో అమ్మా ఎలా ఉన్నారు? అమ్మ మోకాళ్ల నొప్పులు తగ్గాయా?

ఇప్పుడు బాగున్నామన్నది నిజమే. ఆరేడు నెలలుగా ఫోన్‌లో మాత్రం ఆ మాట అబద్ధమే చెప్పాను. నాకు రొమ్ములో గడ్డ వచ్చింది. క్యాన్సరే. త్వరగా పెరిగే రకమనీ, హార్మోన్ మాత్రలకు లొంగదనీ బయాప్సీలో తేలింది. ఫోన్‌లో చెబితే మొదటి మాటకే ఏడుస్తావు, మిగతాది వినవు. అందుకే ఉత్తరం. ఆపరేషన్ కూడా అయిపోయింది, తిరుగుతున్నాను. కంగారు పడకుండా చదువు.

ముందు మందులు, ఆ తర్వాతే ఆపరేషన్ అంటే మొదట డాక్టరమ్మతో పోట్లాడాను. "వెంటనే తీసేయండి మేడమ్. దాన్ని ఒంట్లో ఉంచుకుని మందులేంటి?"

"ముందే తీసేస్తే మందు పనిచేస్తోందో లేదో చూడటానికి ఏమీ మిగలదమ్మా. గడ్డ ఉండగా ఇస్తే కొలిచి చూసుకోవచ్చు" అందావిడ. గడ్డలో ఆవగింజకన్నా చిన్న లోహపు ముక్క పెట్టారు. ఎందుకంటే, గడ్డ పూర్తిగా కరిగిపోతే ఎక్కడ కోయాలో తెలియడానికట! పిల్లలకు సైన్సు చెప్పేదాన్ని కదా, అప్పటినుంచి భయంతో పాటు కుతూహలం కూడా పట్టుకుంది.

మందు ఎక్కించడం మొదలయ్యాక జుట్టు రాలింది. నోరంతా పూసి, పెరుగన్నం తప్ప ఏదీ దిగేది కాదు. ఒకసారి జ్వరమొచ్చి వారం ఆసుపత్రిలోనే ఉన్నాను. కానీ ఉసిరికాయంత గడ్డ, మూడో విడత మందుకు శనగగింజంత అయింది. నా పక్క కుర్చీలో మందు ఎక్కించుకునే సునందగారికి అవే మందులిచ్చినా గడ్డ తగ్గలేదు, మార్చాల్సి వచ్చింది. ఎందుకలా అని అడిగితే "మాకూ పూర్తిగా తెలియదమ్మా" అంది డాక్టరమ్మ. ఆ మాటతో ఆవిడ మీద నాకు నమ్మకం పెరిగింది.

చివరికి స్కాన్‌లో గడ్డే కనబడలేదు. "మరి కోయడం దేనికండి?" అన్నాను. "స్కాన్‌కు అందనిది మిగిలిందేమో, తీసి చూస్తేగానీ తెలియదు" అంది. తీశారు. ఆ ముక్కలో బతికున్న క్యాన్సర్ కణం ఒక్కటీ లేదక్కా!

"నయమైనట్టేనా?" అన్నాను.

"తిరిగొచ్చే భయం బాగా తగ్గింది. అసలు రాదని మాత్రం చెప్పను" అంది. బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. మీ మరిది నాకన్నా ఎక్కువ ఏడ్చారు.

అసలు సంగతి ఇప్పుడు. ఇది కొన్ని కుటుంబాల్లో తరతరాలుగా జన్యువుల్లోనే వస్తుందట. పరీక్ష చేస్తే నాలో అలాంటి జన్యులోపమే కనబడింది. నీకూ ఉండొచ్చు, లేకపోవచ్చు. తెలుసుకుంటే ముందే జాగ్రత్త పడొచ్చు. వాయిదా వేయకు. వచ్చే నెల తెనాలికి టికెట్ తీసుకున్నాను. దిగిన మర్నాడే నీకు ఆ పరీక్ష చేయించడానికి ఇద్దరం గుంటూరు వెళ్దాం. బావగారికి ఈ ఉత్తరం చూపించు. అమ్మకు నేనొచ్చి, పక్కన కూర్చుని చెబుతాను. అందాకా దాచు. వచ్చేసరికి గోంగూర పచ్చడి చేసి ఉంచు, ఇప్పుడు కారం తినగలుగుతున్నాను.

పెద్దలందరికీ నా వందనాలు చెప్పు. మీ ప్రార్థనల్లో నన్ను తలుచుకోండి. రానని మాత్రం అనకు. నిన్ను చేయి పట్టుకుని లాక్కెళ్లే బలం నాకు మళ్లీ వచ్చింది.

నీ చెల్లెలు,
కరుణ