పిలిచేవారి పేరు

తార్నాక, 12-4-68

అక్కా, నేను క్షేమం. చెల్లె సుగుణ శుభలేఖ గురించి దిగులు పడకు.

నువ్వు రాసి పంపిన కాగితం పట్టుకొని క్యాంపస్ నుంచి ప్రెస్సుకు నడిచి వెళ్లాను. అక్షరాలు కూర్చే సామేలు తాత చదివి కళ్లద్దాలు తీశాడు. "కీర్తిశేషులు ఇన్నయ్యగారు ఆహ్వానిస్తున్నారని రాసిన్రు. పోయినాయన ఎట్ల పిలుస్తడు బిడ్డా? పిల్లను సాకిందెవలు?" అమ్మానాయినలు పోయినప్పటి నుంచి మా అక్కే అన్నాను. "మరి ఆమె పేరేది?" కాగితం కింద నీ పేరు రాసిచ్చాను.

ఎంత చక్కగా కూర్చాడో! పైన "కీ.శే. ఇన్నయ్య, శివమ్మ గార్ల కుమార్తె" అని ఇద్దరికీ ఒకటే కీ.శే. పెట్టి, "కలిసే ఉండనీ" అన్నాడు. కింద "ఆహ్వానించువారు: అక్క బుచ్చవ్వ". సీసంతో నల్లబడిన ఆ వేళ్లకు దండం పెట్టాలనిపించింది.

మొగుడు పోయినదాని పేరు శుభలేఖలో ఎందుకంటావని తెలుసు. అచ్చయిపోయింది, ఇక తీయలేరు.

మగపెళ్లివారికి ఎన్ని కార్డులు కావాలి? సుగుణ దగ్గు తగ్గిందా? చింతకాయ తొక్కు ఎవరితోనైనా పంపు. సుగుణకు నా దీవెనలు.

నువ్వే సాకిన ఇంకొకడు,
మల్లేశం