ఉమ్మి రిజిస్టరు నకలు ఇప్పించు విషయం

కర్మాగారాల తనిఖీ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: తీగల పరిశోధనశాలలో రెండో నంబరు కుర్చీలో పనిచేసిన నా ఆడబిడ్డ ఉమ్మి తాలూకు రిజిస్టరు పేజీల నకలు ఇప్పించుట, మరియు ఆమె తొలగింపు ఉత్తర్వులో "వ్యాధిని దాచినందున" అను మాటలు కొట్టివేయించుట గురించి.

సూచిక: ఇదే విషయమై నేను పెట్టుకున్న మొదటి అర్జీకి తమ కార్యాలయం ఇచ్చిన జవాబు. అందులో "ఉమ్మి అనునది ముడిసరుకుల పట్టికలో లేదు, కావున ఈ కార్యాలయ పరిధిలోకి రాదు" అని ఉన్నది.

పై విషయమై తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. నేనూ, నా భర్త చెల్లెలూ ఒకే ఇంట్లో నివసించుచున్నాము. నా భర్త కాలిపోయిన మోటార్లకు మళ్ళీ రాగి తీగ చుట్టే మేస్త్రి. మేస్త్రి అని పేరే గానీ చుట్టింది మేమిద్దరమే. ఆయన బల్ల దగ్గర కూర్చుని తప్పులు చెప్పేవారు. నాలుగేళ్ళ క్రితం ఆయన పోయారు. ఆ తర్వాత కొట్టు నడవలేదు. మోటారు కాలితే చుట్టించుకునేవాళ్ళు తగ్గిపోయి కొత్తది కొనుక్కునేవాళ్ళు ఎక్కువయ్యారు. నాకూ ఆడబిడ్డకూ మొదటినుంచీ పొసగదు. ఇంట్లో పొయ్యి ఒకటే, గిన్నెలు మాత్రం ఎవరివి వాళ్ళవి.

2. పరిశోధనశాల వారు రాగికి బదులుగా బొగ్గుతో తీసిన దారంలో కరెంటు నడిపించు ప్రయోగము చేయుచున్నారు. ఆ దారం తలవెంట్రుకలో పదో వంతు కూడా ఉండదు. కొలిమిలోంచి పొగలాగా బయటికొచ్చి చక్రానికి చుట్టుకుంటుంది. రాగికన్నా ఎంతో తేలిక, చిలుం పట్టదు, భూమిని తవ్వి తీయనక్కర్లేదు అని పెద్ద సారు చూడ్డానికి వచ్చినవాళ్ళందరికీ చెప్తారు. నిజమే అయ్యుంటుంది. చిక్కల్లా చుట్టేటప్పుడు తెగుతుంది. తెగినచోట రాగికి పట్టినట్టు టంకం పట్టదు. యంత్రం పట్టుకుంటే నలిగిపోతుంది. అందుకని మోటార్లు చుట్టిన ఆడవాళ్ళ చేతులు కావాలని పెద్ద సారు వెతుక్కుంటూ మా ఇంటికొచ్చారు. నాకు ఒకటో నంబరు కుర్చీ, ఆడబిడ్డకు రెండో నంబరు కుర్చీ ఇచ్చారు. మూడో కుర్చీ లేదు.

3. పదకొండు రోజులు ఒక్క అతుకూ నిలవలేదు. పన్నెండో రోజు నా ఆడబిడ్డ విసిగిపోయి, సూదిలోకి దారం ఎక్కించేటప్పుడు చేసినట్టు, తెగిన రెండు కొసలూ నాలుక మీద పెట్టుకుని తడిపి వేళ్ళతో మెలి వేసింది. సారు మీటరు పెట్టి చూశారు. అతుకు దాటించినా ముల్లు కదల్లేదు.

"అతుకెక్కడమ్మా?" అన్నారు.

"మీరే వెతుక్కోండి" అంది.

అతుకు ఉన్నచోటా లేనిచోటా కరెంటు ఒకేలాగ పోతోంది. తర్వాత వాళ్ళు మంచినీళ్ళు పెట్టి చూశారు, స్పిరిట్ పెట్టి చూశారు, రెండు మూడు రకాల జిగుర్లు పెట్టి చూశారు. ఏదీ ఆగలేదు. నా ఉమ్మి ఆగింది గానీ ఆమెదంత కాదు. ఈ మాట రాయడం నాకు ఇష్టం లేదు. రిజిస్టరులో ఎలాగూ ఉన్నది కాబట్టి రాయుచున్నాను.

4. ఆనాటి నుండి ప్రతి ఉదయం ఎనిమిది గంటలకు, టీ అయినా తాగకముందు, మేమిద్దరం చెరొక గాజు గొట్టంలో ఉమ్మాలి. దానికొక మేడం ఉండేది. మేము గొట్టాల మేడం అనేవాళ్ళం. మంచి పిల్లే. గొట్టం మీద నంబరు అంటించి, పరీక్ష చేసి, పెద్ద రిజిస్టరులో రాసేది. ఆ రిజిస్టరులో గడులు ఇవి: తేదీ, కుర్చీ నంబరు, చిక్కదనం, పులుపు, ఉప్పు, మలినం, అతుకు బలం. అతుకు బలం మాత్రం గోడ మీది బోర్డులో కూడా వేసేవారు, ఇద్దరిదీ పక్కపక్కన. ఎనిమిది నెలల్లో నేను ఆమెను దాటినది ఆరుసార్లు. మా ఉమ్మికి వాళ్ళు రాసుకున్న కాగితాల్లో "సహజ తడి మాధ్యమం" అని పేరు పెట్టారు. తమ జవాబులో ఉమ్మి పట్టికలో లేదన్నారు. ఆ పేరుతో వెతికించిన ఎడల దొరకగలదని మనవి.

5. ఇది ముఖ్యమైన అంశం. దారం తీసే గదిలో నల్లటి నూగు గాలిలో ఉంటుంది. కంటికి కనబడదు. సాయంత్రం ముక్కు తుడుచుకుంటే గుడ్డకు కనబడుతుంది. పనిలో చేరిన నాలుగో నెల నుంచి నా ఆడబిడ్డకు దగ్గు. ఆరో నెలలో ఒక ఉదయం ఆమె గొట్టం వెలుతురుకి పట్టుకుని మేడం రెండుసార్లు తిప్పి చూసింది. ఏదో రాసింది. నేను బల్లకు ఇవతల కూర్చున్నాను. మోటార్ల మీది అంకెలు తలకిందులుగా చదవడం నాకు అలవాటే. మలినం గడిలో ఇలా ఉంది: "ఎరుపు, స్వల్పం. వడకట్టి వాడవచ్చు."

ఆ మర్నాడు, ఆ తర్వాతి రోజు కూడా అదే గడిలో అదే ముక్క రాయడం చూశాను. తర్వాత చూడటం మానేశాను.

ఇప్పుడు ఊపిరితిత్తుల డాక్టరు గారు చూసిన ప్రతిసారీ ఒకటే అడుగుతున్నారు. "రక్తం ఎప్పట్నుంచి పడుతోంది? మొదట ఎంత, తర్వాత ఎంత? సరిగ్గా చెప్తే నేనేం చెయ్యాలో నాకు తెలుస్తుంది." ఆమె "గుర్తులేదు" అంటుంది. నాకు తెలిసింది మూడు రోజుల సంగతే. మిగతా రోజులన్నీ ఆ రిజిస్టరులో ఉన్నాయి. తారీఖులతో సహా ఉన్నాయి. లోకంలో ఏ రోగికీ అంత బాగా లెక్క రాసిపెట్టి ఉండరు.

నకలు కోసం పరిశోధనశాల గేటు దగ్గరికి నాలుగుసార్లు వెళ్ళాను. నాలుగోసారి పెద్ద సారు కారు ఆపారు.

"అమ్మా, అందులో మాధ్యమం తయారీ వివరాలున్నాయి. బయటికివ్వకూడదు" అన్నారు.

"మాధ్యమం కాదు సారూ, అది మా ఆడబిడ్డ ఉమ్మి" అన్నాను.

"మీ ఇంట్లో ఉమ్మి. ఇక్కడ మాధ్యమం" అని అద్దం ఎత్తుకున్నారు. కోపంగా కూడా అనలేదు.

6. మే నెల ఇరవయ్యో తేదీన మా ఇద్దరినీ తొలగించడమైనది. అంతకు రెండు రోజుల ముందు సీసా వచ్చింది. ఆమె ఉమ్మిలో ఏమేమి ఎంతెంత ఉన్నాయో చూసి, అచ్చం అలాంటిదే మందులతో కలిపి తయారుచేసుకున్నారు. మెత్తటి రబ్బరు వేళ్ళున్న యంత్రం కూడా వచ్చింది. నా ఉత్తర్వులో "అవసరం తీరినందున" అని ఉన్నది. దానిపై నాకు ఫిర్యాదు లేదు. ఆమె ఉత్తర్వులో మాత్రం "వ్యాధిని దాచినందున" అని ఉన్నది. ఆ ఒక్క మాట వల్ల కార్మికుల ఆసుపత్రిలో ఆమెకు మంచం ఇవ్వటం లేదు. ఆమె వ్యాధి సంగతి ఆనాటి వరకు తమకు తెలియదని పరిశోధనశాల వారు ఆసుపత్రికి ఉత్తరం రాశారు.

7. వారికి తెలుసు. ఫిబ్రవరి పద్దెనిమిదో తేదీనే తెలుసు. తెలిపినది నేను.

ఆ రోజు పై ఊరి నుంచి పెద్దవాళ్ళు చూడ్డానికి వచ్చారు. పెద్ద సారు నా ఆడబిడ్డ కుర్చీ వెనకాల నిలబడి, "మన ప్రయోగమంతా ఈమె చేతిలో ఉంది" అన్నారు. ఒకాయన నన్ను చూపించి ఈవిడెవరని అడిగారు. "కొసలు అందిస్తుంది" అన్నారు. ఇరవై రెండేళ్ళు మోటార్లు చుట్టినదాన్ని. ఆడబిడ్డకు చుట్టడం నేర్పినది నేను. ఆమె ఆ మాట విని నావైపు చూసి నవ్వింది. నవ్వుతూ దగ్గింది.

సాయంత్రం ఫిర్యాదుల పెట్టెలో చీటీ వేశాను. "రెండో నంబరు మనిషికి నోట్లోంచి రక్తం పడుతున్నది. అట్టి ఉమ్మి వాడుట మంచిది కాదు" అని రాశాను. ఆమె మీద జాలితో రాయలేదు. ఆమెను ఆసుపత్రికి పంపమని కూడా రాయలేదు. ఆమె నా పక్క కుర్చీలోంచి లేచిపోవాలని, ఓర్వలేక రాశాను. ఇంట్లో ఒక్కమాట అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు.

వాళ్ళేమీ చేయలేదు. ఆమె అతుకు అప్పటికీ నాకంటే బలంగానే ఉంది. సీసా తయారయ్యేదాకా మూడు నెలలు ఆమె చేత రోజూ ఉమ్మించుకున్నారు, ఆ తర్వాత వ్యాధి సంగతి బయటికి తీశారు. చీటీ వేసినందుకు పెట్టె దగ్గరి మనిషి నా పేరూ, చీటీ విషయమూ రాసి ఇచ్చిన రసీదు, నంబరు ముప్పై నాలుగు, తేదీతో సహా ఇందుతో జతపరచడమైనది. పరిశోధనశాల వారికి ముందే తెలుసుననుటకు నా దగ్గరున్న రుజువు ఇదొక్కటే. అందుచేత రాయక తప్పలేదు.

8. ప్రస్తుతము ఆమె పడుకోలేకపోతోంది. వెనక్కి వాలితే ఊపిరాడదు. గోడకు రెండు దిండ్లు పెట్టి కూర్చోబెట్టుచున్నాను. నా గిన్నెలో వండినదే తింటోంది. "ఉప్పు తెలియటంలేదు, నువ్వెప్పుడూ ఇంతే వదినా" అంటోంది. నిన్న నా కొంగు దారం ఊడితే చూసి, అలవాటుగా నోట్లో పెట్టుకోబోయి, ఆగిపోయి, నా చేతికే ఇచ్చేసింది.

9. కావున తమరు దయయుంచి, సదరు రిజిస్టరులో రెండో నంబరు కుర్చీకి చెందిన పేజీల నకలు డాక్టరు గారికి నేరుగా పంపించవలసినదిగాను, ఉత్తర్వులోని ఆ మాటలు కొట్టివేయించవలసినదిగాను ప్రార్థన. పులుపు, ఉప్పు, చిక్కదనం గడులు రహస్యమైన ఎడల వాటి మీద కాగితం అంటించి ఇచ్చినా అభ్యంతరం లేదు. మాకు తేదీ, మలినం చాలు.

తమరు తీరిక చేసుకొని యావత్తూ చిత్తగించవలెను. తీరిక లేనిచో ఐదో అంశం ఒక్కటైనా చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
ఒకటో నంబరు కుర్చీ (మాజీ)

జతపరచినవి: చీటీ రసీదు. తొలగింపు ఉత్తర్వులు రెండు. డాక్టరు గారి కాగితం.

తా.క.: అర్జీ మీద రోగి వేలిముద్ర కూడా ఉండాలని తమ గుమాస్తా గారు చెప్పారు. ఆమెకు చదువు రాదు. వినకుండా వేలిముద్ర వేయించడం ధర్మం కాదని ఈ మధ్యాహ్నం పక్కన కూర్చుని మొత్తం చదివాను, ఏడో అంశం తప్ప. ఆరు అయిపోగానే ఎనిమిది అందుకున్నాను.

"ఆరు తర్వాత ఎనిమిదేంటి వదినా?" అంది.

"నంబరు తప్పు పడింది" అన్నాను.

"ఆ చీటీ సంగతేనా?"

ఆమే చెప్పింది. ఊపిరి అందక ఆగి ఆగి చెప్పింది. "నువ్వు వేసిన మర్నాడే గొట్టాల మేడం నాకు చదివి వినిపించింది. మీ వదిన ఇలా రాసింది, నిజమేనా అని అడిగింది. అది అక్కసు, నాకేం లేదు, దగ్గు ఇంట్లో పొగకి అన్నాను. అలాగే రాసుకుని వేలిముద్ర వేయించుకుంది."

"ఎందుకలా చెప్పావే?"

"బాగాలేదంటే నువ్వు గెలిచినట్టే కదా."

మూడు నెలలు ఆ సంగతి కడుపులో పెట్టుకుని నా పక్కనే కూర్చుంది. నేను కొసలు అందిస్తే అందుకుంది.

అయ్యా, ఆమె వేలిముద్ర ఉన్న ఆ కాగితం వాళ్ళ దగ్గరున్నది. రేపు తమరి ముందు పెట్టగలరు. అది వాళ్ళ నోటివెంట వినేముందు తమరు నా ద్వారానే తెలుసుకోవాలి. ఆమె దాచిన మాట నిజమే. నావల్లే దాచింది. కాబట్టి "దాచినందున" అను మాట కొట్టివేయమన్న మనవి వెనక్కి తీసుకుంటున్నాను. రిజిస్టరు సంగతి మాత్రం వెనక్కి తీసుకోను. ఆమె నోరు అబద్ధమాడింది గానీ ఆమె ఉమ్మి ఆడలేదు. అది ప్రతి ఉదయం ఆ గొట్టంలో నిజమే చెప్పింది, వాళ్ళు చదివి, వడకట్టి వాడుకున్నారు.

తర్వాత ఏడో అంశం చదవమంది. చదివాను. "ఓర్వలేక" అన్నచోట మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను.

సిరా డబ్బీ తెచ్చి, వేలు పట్టుకుని, ఎక్కడ వేయాలో చూపించబోతే చెయ్యి విదిలించుకుంది. తనే అద్దుకుంది. ఏడోది ఎక్కడుందని అడిగి, దాని మీదే అదిమి వేసింది. అక్కడ కొన్ని అక్షరాలు కనబడవు. అవి మళ్ళీ రాయమని నన్ను అడగవద్దు.