ఆకుపచ్చ స్టిక్కర్ లేని తలుపు

జూలై 5, మంగళవారం

ఈ డైరీ తెరిచి చదువుతున్నావంటే ఆ చీటీ వేసింది నువ్వే. నువ్వు కాకపోతే, వేస్తున్నవాళ్లను చూసి తల తిప్పుకున్నది నువ్వే. పక్కింట్లో ఎవరు ఎన్నింటికి వస్తున్నారో, ఎవరి కళ్లు ఎర్రగా ఉన్నాయో చూడందే నీకు పొద్దు పోదు. ఇన్నాళ్లూ వాటిని కబుర్లు అన్నావు. ఇప్పుడు వాటికి ఒక పెట్టె పెట్టారు, తాళం వేశారు, పౌరధర్మం అని పేరు పెట్టారు. సంతోషమేనా?

ఆ పెట్టె చాపెల్ గుమ్మం పక్కన, కొవ్వొత్తులు అమ్మే బల్ల మీద ఉంది. షబు అనే మత్తుమందు పీల్చేవాళ్ల పేర్లు చీటీ మీద రాసి అందులో వేయాలి. రాసినవాళ్లు తమ పేరు చెప్పనక్కర్లేదు. పేట ఆఫీసు వాళ్లు ఆ చీటీలన్నీ కలిపి జాబితా చేసి పోలీసులకు పంపుతారు. జాబితాలో లేని ఇంటి తలుపుకు ఆకుపచ్చ స్టిక్కర్ అంటిస్తారు. దాని మీద 'ఈ ఇల్లు శుభ్రం' అని ఉంటుంది.

ఈరోజు మా అగాపిటో వీధిలో అంటించారు. మాది ఇరవై ఏడో నంబరు. మేడ మీద నా తలుపుకు అంటించారు. కింది వాటాలో ఉండే మా తమ్ముడు గనీ తలుపు ముందు కాసేపు ఆగి, చేతిలో కాగితం చూసుకుని, ఇరవై ఎనిమిదికి వెళ్లిపోయారు.

గనీ భార్య రోవెనా బట్టలు ఆరేస్తూ చూసింది. బాబూ, మాది మరిచిపోయారు అని పిలిచిందట. మరిచిపోలేదమ్మా అన్నాడట ఆ మనిషి.

జూలై 6

పదిహేడేళ్లుగా కాలేజీలో నేరాల సామాజికశాస్త్రం చెబుతున్నాను. మనిషి మీద ముద్ర ముందు పడుతుంది, నేరం ఆ తరవాత వెతుకుతారు అని బోర్డు మీద రాసి కింద రెండు గీతలు కొట్టేదాన్ని. ఈరోజు క్లాసులో ఆ వాక్యం నోటికి రాలేదు.

జూలై 9, శనివారం

నిజం రాసుకుంటాను. నాలుగేళ్ల కిందట గనీ షబు వాడాడు. ఎనిమిది నెలలు. ఓడల యార్డులో వెల్డింగు, పదహారు గంటల డ్యూటీ. నిద్రపోతే పని పోతుంది, నిద్రపోకపోతే చెయ్యి కాలుతుంది. రెండూ జరగకుండా ఉండటానికి మేస్త్రీయే అలవాటు చేశాడు. తరవాత గనీ మానేశాడు. మానేటప్పుడు ఇరవై రోజులు నా మంచం మీదే పడుకున్నాడు. వణుకుతూ నన్ను నానా తిట్లూ తిట్టాడు.

ఇది ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. నా స్నేహితురాలు లుదీకి తెలుసు. ఆ ఇరవై రోజులూ గంజి కాచి పట్టింది లుదీయే. లుదీ మా ఇంటి మనిషే.

దాని మీద నేను ఒక వ్యాసం కూడా రాశాను. పేరు మార్చాను, యార్డు పేరు మార్చాను. గనీ చదివి, నన్ను పొట్టివాణ్ని చేశావేంటి అక్కా అని నవ్వాడు.

మరి చీటీ ఎవరు వేసినట్టు? నాకు ఒక్కడి మీదే అనుమానం. వీధి మలుపులో కొట్టు దోదో. పోయిన ఏడాది గనీ అతని కొట్టుకు గ్రిల్లు బిగించాడు. అది వంకరగా వచ్చిందని దోదో, గోడే వంకరని గనీ. అప్పట్నుంచీ మాటల్లేవు.

జూలై 10, ఆదివారం

చాపెల్లో పూజ అయ్యాక తిన్నగా దోదో కొట్టుకెళ్లాను. జనం బాగానే ఉన్నారు. కావాలనే అప్పుడు వెళ్లాను. నా తమ్ముడి పేరు పెట్టెలో వేసిన చెయ్యి ఇదేనా అని అడిగాను.

టీచరమ్మా, మీ తమ్ముడు చేసిన నేరం ఏదైనా నేను రాయాలంటే ఈ గ్రిల్లు గురించి రాస్తాను, వచ్చి చూడమనండి పోలీసుల్ని అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వే నా ఒళ్లు మండించింది. ఈ కొట్లో ఉప్పు కూడా కొనకండి, వీడు మీ పేరు కూడా అమ్ముతాడు అని అరిచాను.

సాయంత్రానికి సగం వీధి అతని కొట్టు మానేసింది. నా మాటకు ఇంత విలువ ఉందని నాకే తెలియదు.

జూలై 13, బుధవారం

లుదీ ఫారం పట్టుకొచ్చింది.

లుదీ పేట ఆరోగ్య కార్యకర్త. భుజాన వేలాడే త్రాసుతో ఇల్లిల్లూ తిరిగి పిల్లల బరువు చూస్తుంది, టీకాలు గుర్తుచేస్తుంది. నా కూతురికి బాప్తిస్మంలో జ్ఞానతల్లి. నా సర్వేలన్నిటికీ నాతో తలుపు తలుపూ తిరిగింది తనే. ఆ వ్యాసం అచ్చయ్యాక మొదటి కాపీ కూడా తనకే ఇచ్చాను.

వదినా, ఒక దారి ఉంది అంది. స్వచ్ఛందంగా లొంగిపోతున్నానని గనీ సంతకం పెట్టాలి. ఆరు వారాలు, వారానికి మూడు ఉదయాలు, బాస్కెట్‌బాల్ కోర్టులో జుంబా డాన్సు చెయ్యాలి. చివర సర్టిఫికెట్ ఇస్తారు, తలుపుకు స్టిక్కర్ వేస్తారు.

అది లొంగిపోవడం కాదు, నేరం ఒప్పుకోవడం, నాలుగేళ్ల కిందటి దాన్ని ఈరోజు తారీఖు వేసి ఒప్పుకోవడం అని గొడవపడ్డాను. గంటసేపు థియరీ చెప్పాను. ఓపిగ్గా విని, నువ్వు పుస్తకాలు చదువు వదినా, నేను తలుపులు చదువుతాను అంది లుదీ. వంతెన అవతల పోయినవారం పట్టపగలు, మంగలి కుర్చీలో కూర్చున్నవాణ్ని సబ్బు నురగ మొహాన ఉండగానే కాల్చేశారు. వాడి తలుపు మీద స్టిక్కరూ లేదు, వాడి చేతిలో సర్టిఫికెట్టూ లేదు అంది.

నీ కూతురి మీద ఒట్టు, మనవాడికి ఏం కాదు అంది.

మనవాడు అంది.

జూలై 14

గనీ ఒప్పుకోలేదు. మానేసి నాలుగేళ్లయింది, ఇప్పుడు దేనికి లొంగిపోవాలక్కా, వంకర గ్రిల్లుకా అన్నాడు. రెండు గంటలు బతిమాలాను. చివరికి రోవెనా వైపు చూసి, పెన్ను తీసుకున్నాడు.

అడుగున ఇంకో గీత ఉంది. హామీదారు. 'ఇతను దారి తప్పితే వెంటనే తెలియజేస్తాను.' అక్కడ నేను సంతకం పెట్టాను. నా పూర్తి పేరు, ఫెలిసిదాద్, చుట్టలు తిప్పి, జీతం రిజిస్టర్లో పెట్టినట్టు.

జూలై 18, సోమవారం

రేకుల కప్పు మీద వాన. కింద నలభై ముగ్గురు మగాళ్లు వరసల్లో. రిక్షావాళ్లు, కూలీలు, ఒక ముసలాయన. మైకు పట్టుకున్న అమ్మాయి, నడుములు తిప్పండి నాన్నలూ, సిగ్గుపడకండి అంటోంది. చుట్టూ వీధి జనం కాఫీ కప్పులు, పాండెసాల్ రొట్టెలు పట్టుకుని తమాషా చూస్తున్నారు. కోర్టు అంచున లుదీ కుర్చీ వేసుకుని హాజరు రాసుకుంటోంది.

వెనకటి కాలంలో దొంగను గాడిద మీద ఎక్కించేవాళ్లు. మనం నాగరికులమయ్యాం. పాట పెట్టాం.

ఇంటికొస్తూ గనీ అన్నాడు. ఇన్నాళ్లూ నేను ఉత్త నేరస్థుణ్ని అక్కా, ఈరోజునుంచి డాన్సు రాని నేరస్థుణ్ని. ఇద్దరం వానలో నిలబడి నవ్వాం. పొట్ట పట్టుకుని నవ్వాం.

జూలై 27, బుధవారం

గనీకి బతంగాస్‌లో పని దొరికింది. ఒక గోడౌను గేట్లు. రేపు వెళ్లి వచ్చే బుధవారానికి వస్తాడు. రెండు జుంబాలు పోతాయి. లుదీకి ముందే చెప్పాను. వెళ్లనీ వదినా, పని దొరికినప్పుడే చేసుకోవాలి, హాజరు సంగతి నేను చూసుకుంటాగా అంది.

ఆగస్టు 2

గనీని పట్టుకెళ్లారు. మధ్యాహ్నం మూడింటికి, పనిచేసే చోటే, మొహాన వెల్డింగ్ మాస్క్ ఉండగానే.

ఆగస్టు 3, బుధవారం

స్టేషన్లో బల్ల అవతలి మనిషి మర్యాదస్తుడు. మేడమ్ కూర్చోండి అన్నాడు. రెండు గైర్హాజరీలు, ఊరు విడిచి పారిపోవడం, అంటే మళ్లీ దారి తప్పినట్టే అన్నాడు. జేబులో పొట్లం కూడా దొరికిందట. ఏ జేబు అన్నాను. వెల్డింగు చొక్కాకు జేబులుండవు, నిప్పురవ్వలు పడి నిలిచిపోతాయని గనీయే కోసేస్తాడు. ఆ మాటే చెప్పాను. ఆయన ఏమీ రాసుకోలేదు. మాస్క్ కూడా పట్టుకున్నారు. మొహం దాచుకునే సాధనం అని రాసుకున్నారు.

ఎవరు చెప్పారు మీకు అని అడిగాను. ఆయన నా వైపు కొంచెం వింతగా చూశాడు. మీరే కదా మేడమ్, హామీదారు ఉత్తరం వచ్చింది అని పైకి చదివాడు. ఫలానా తేదీన నా తమ్ముడు బతంగాస్ వెళ్లిపోయాడు. ఇట్లు, ఫెలిసిదాద్. కాగితం నా చేతికివ్వలేదు.

రోవెనా నా పక్కనే కూర్చుని ఉంది. లేచి అవతలి బెంచీ మీద కూర్చుంది.

లాకప్‌లో నన్ను కలవడానికి గనీ ఒప్పుకోలేదు. రోవెనాతో కబురు పంపాడు. అక్క పుస్తకానికి ఇంకో అధ్యాయం దొరికిందా అని అడగమన్నాడట.

ఆగస్టు 6, శనివారం

పేట ఆఫీసుకెళ్లి పేట పెద్ద మీద అరిచాను. కెప్టెన్ అంటాం ఆయన్ని. ఇవి జాబితాలు కావు, మరణ ధ్రువపత్రాలు, ముందుగా నింపి పెట్టుకున్నారు అన్నాను. వరండాలో జనం పోగయ్యారు. కెప్టెన్ చాలాసేపు విన్నాడు. ఉన్నట్టుండి ఆయనకీ కోపం వచ్చింది. నా మీద ఎందుకమ్మా ఎగురుతారు, నేనేమైనా కలగన్నానా, మీ వీధివాళ్లు రాసిందే పంపాను, చూసుకోండి అని ఫైల్లోంచి చీటీ తీసి బల్ల మీద కొట్టాడు.

'అగాపిటో వీధి 27, కింది వాటా. వెల్డరు. రెండు షిఫ్టుల మధ్య నిద్రను వాయిదా వేసుకోవడానికి వాడాడు.'

నిద్రను వాయిదా వేసుకోవడం. మా వీధిలో ఎవరూ అలా మాట్లాడరు. అది నా వాక్యం. నా వ్యాసంలో రెండో పేజీ.

ఇరవై ఏడులో ఏడుకు నడుం మీద అడ్డగీత ఉంది. ఇంటికొచ్చి బీరువాలోంచి నా కూతురి చిన్నప్పటి బరువు కార్డు తీశాను. ఏడు కిలోలు. ఏడున్నర. అన్నీ నడుం మీద గీతతోనే ఉన్నాయి.

మొన్న గనీ సంగతి తెలిసినవాళ్లను లెక్కపెట్టినప్పుడు లుదీని పక్కన పెట్టాను. నన్ను నేను అనుమానించుకోను కదా.

ఆగస్టు 7, ఆదివారం

లుదీ దగ్గరికి వెళ్లేసరికి ఎవరి పాపనో త్రాసులో వేలాడదీసి ఉంది. వచ్చావా వదినా, కూర్చో, గట్టిగా మాట్లాడకు, ఏడుస్తుంది అంది. నేను ఎందుకు వచ్చానో నా మొహం చూడగానే తెలిసిపోయింది. దాచలేదు.

పేట ఆఫీసువాళ్లు ఒక్కో ఆరోగ్య కార్యకర్త పది పేర్లు ఇవ్వాలన్నారట. తొమ్మిది దొరికాయి. పదోది ఇవ్వకపోతే నీ కొడుకు జోమర్ ఉన్నాడుగా అని నవ్వారట. జోమర్ ఇప్పటికీ వాడుతున్నాడు, అది నాకూ తెలుసు, నేనూ ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు. గనీ మానేశాడు కదా వదినా, పరీక్ష పెట్టినా ఏం తేలదు, ఊరికే ఆరు వారాలు గంతులేసి బయటపడతాడనుకున్నాను అంది. నీ తమ్ముడి వెనక నువ్వున్నావు, నీకు పేపర్లున్నాయి, నోరుంది. మావాడి వెనక ఎవరున్నారు, ఈ త్రాసు తప్ప?

ఉత్తరం సంగతి అడిగాను. హాజరు పుస్తకంలో ఖాళీ ఉంటే హామీదారు ఏమంది అని నన్నే అడుగుతారు, నువ్వు నాతో చెప్పిందే రాశాను, బతంగాస్ అని చెప్పలేదా నువ్వు అంది.

చెప్పాను.

నా కూతురి మీద ఒట్టేశావు అన్నాను. అప్పుడు మాత్రం తల దించుకుంది. దించుకునే, నువ్వు వాడి మీద ఇరవై పేజీలు రాసి ప్రమోషన్ తీసుకున్నావు వదినా, నేను రాసింది ఒక్క ముక్క, అదీ నీ పేజీలోదే అంది.

కొట్టాలనిపించింది. పాప మధ్యలో వేలాడుతోంది. లుదీ ముల్లు చూసి కార్డు మీద బరువు రాసింది. ఏడు. నడుం మీద గీత.

పదిహేనేళ్ల స్నేహం. నన్ను తిరిగి రమ్మని తన నోటితో అనలేదు. నేనూ వెళ్లను. పై అధికారులు పదో పేరు అడిగారు. ఆ మాట నాకు అర్థమవుతుంది, రేపు క్లాసులో చక్కగా వివరించి చెప్పగలను. అయినా క్షమించను. అర్థం చేసుకోవడం నా ఉద్యోగం. క్షమించడం ఎవరూ నాకు అప్పజెప్పలేదు.

ఆగస్టు 9

దోదో కొట్టుకెళ్లాను. అరల్లో సగం ఖాళీ. తప్పయిపోయింది అన్నాను. పాత సబ్బు పెట్టెలు సర్దాడు. మీరు వేసిన చీటీకి పెట్టె కూడా అక్కర్లేకపోయింది టీచరమ్మా అన్నాడు. ఆ తరవాత, మీ తమ్ముడు ఎలా ఉన్నాడు అని అడిగాడు. తెలియదన్నాను. ఉప్పు పొట్లం నా చేతిలో పెట్టాడు.

ఆగస్టు 14

రోవెనా చెప్పింది. పదిమందికి కట్టిన గదిలో అరవై ఎనిమిది మంది. వంతులవారీగా పడుకుంటారట. గనీ మళ్లీ నిద్రను వాయిదా వేసుకుంటున్నాడు.

నేను పంపిన అన్నం తిన్నాడట, నేను వండానని రోవెనా చెప్పలేదు కాబట్టి.

ఆగస్టు 21, ఆదివారం

డిమాండ్లు.

చాపెల్ గుమ్మం దగ్గరి పెట్టె తీసేయాలి.

తలుపుల మీది స్టిక్కర్లన్నీ గీకేయాలి. నాది గీకాను. జిగురు పోలేదు.

పదో పేరు ఇవ్వమని ఏ తల్లినీ అడగకూడదు.

వీధంతా దోదో కొట్లోనే ఉప్పు కొనాలి.

లైబ్రరీలో నా వ్యాసం ఎవరికీ ఇవ్వకూడదు.

వెల్డింగ్ మాస్క్ రోవెనాకు తిరిగివ్వాలి.

ఆ ఉత్తరం నేను రాయలేదని గనీకి ఎవరైనా చెప్పాలి.

ఫారం మీది సంతకం నాదే. అది కూడా చెప్పాలి.