ఆగస్టు పదకొండు కింద ఖాళీ గీత

పెదకాకాని,
18-8-1999, బుధవారం సాయంత్రం.

శ్రీవారికి కోటిరత్నం నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం. అత్తయ్యగారి మోకాళ్ళ నొప్పి కాస్త తగ్గింది. పొదిలిలో మీరూ క్షేమమని నిన్న అందిన ఉత్తరంలో రాశారు, సంతోషం. నేనూ, కడుపులో నాలుగో నెల బిడ్డా కూడా క్షేమమే. కోపం తప్ప నాకు వేరే జబ్బేమీ లేదు. కాబట్టి కంగారుపడకుండా కూర్చుని చదవండి.

ముందు మీరడిగినవాటికి జవాబులు. ఐరన్ మాత్రలు రోజూ వేసుకుంటున్నాను. పత్తికి వాన చాలింది, మిరప నారు బాగానే మొలిచింది. మీకు బదిలీ అయినా బడి వరండాలో 'ఈ రోజు విశేషం' బోర్డు ఆగలేదు. మన నోటుబుక్కులో ప్రతి తేదీ కిందా రెండు గీతలున్నాయి కదా, పై గీత మీద నా ఖగోళం, కింద గీత మీద మీ చరిత్ర. అవే రోజూ బోర్డు మీదికి ఎక్కిస్తున్నాను.

ఈ రోజు పైన ఇలా రాశాను: '1868 ఆగస్టు 18: సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి జాన్సెన్ అనే శాస్త్రవేత్త ఫ్రాన్స్ నుంచి మన గుంటూరు వచ్చాడు. హీలియం ఆనవాళ్ళు మొదట దొరికింది ఆ గ్రహణంలోనే.' కింద మీరు పంపింది పంపినట్టే రాశాను: '1945: నేతాజీ విమాన ప్రమాదంలో మరణించారని అంటారు.' 'అంటారు' అన్నమాట వదలొద్దని రెండుసార్లు గీత గీసి మరీ చెప్పారు, వదల్లేదు. రుజువు లేనిదాన్ని నిజమని పిల్లలకు చెప్పకూడదనే మీ పట్టింపు చూసి నిన్నటిదాకా మురిసిపోయేదాన్ని. గ్రహణం వేళ కడుపుతో ఉన్నది కదిలితే బిడ్డకు పెదవి చీలుతుందన్న మాట దగ్గర ఆ పట్టింపు ఏమైందండీ?

మొన్న పదకొండో తేదీ గ్రహణాన్ని పొదిలి బడి డాబా మీద అరవైమంది పిల్లలకు వెల్డింగ్ అద్దాలతో చూపించానని రాశారు. మబ్బు తొలగగానే పిల్లలు కేకలు పెట్టారని రాశారు. దాని కిందే 'ఆ పూట నువ్వు కదలకుండా పడుకున్నావని అమ్మ రాయించింది, నా మనసు కుదుటపడింది' అన్నారు. ఈ రెండు ముక్కలూ ఒకే పేజీలో ఎలా రాయగలిగారు? మీ చెయ్యి ఒక్క క్షణమైనా ఆగలేదా?

నిన్న ఆ కోపమంతా ముందు అత్తయ్యగారి మీద వెళ్ళగక్కాను. "గ్రహణం చూపిస్తానని పిల్లలకు మాటిచ్చాను. మీ మూలానే బడికి పోలేదు!" అని అరిచాను. ఆవిడ రోట్లో పచ్చడి నూరడం ఆపి, "నా మీద పడతావేందే? నేనేమన్నా మీ అంత చదువుకున్నదాన్నా? నీ మొగుడే రాశాడు, చూసుకో" అంటూ బియ్యం డబ్బా వెనక నుంచి ఒక ఇన్‌లాండ్ లెటరు తీసి నా ఒళ్ళో పడేశారు. "పక్కింటి సాయిలక్ష్మి చదివిపెట్టింది. నా మాటగా చెప్పమన్నాడు. లేకపోతే నువ్వు వినవంట."

మీ చేతిరాత నాకు తెలియదా? 'అమ్మా, గ్రహణం నాటి సాయంత్రం కోటిరత్నాన్ని గడప దాటనివ్వకు. నేను చెప్పానని మాత్రం చెప్పకు.' నాతో అనడానికి మీకు నోరు రాలేదు. మీ భయాన్ని మీ అమ్మతో పలికించి, మీరు మాత్రం డాబా ఎక్కి పిల్లలకు సైన్సు చెప్పారు. సిగ్గుగా లేదూ?

పదో తరగతి జహీరున్నీసా గుర్తుందా? మీరు లాయరమ్మ అని పిలిచేవారు. ఈ రోజు ప్రార్థనలో బోర్డు చదివింది తనే. చదవడం అయ్యాక నా వైపు తిరిగి, "టీచర్, కాలు సరిగ్గా లేకపోయినా ఆయన ఫ్రాన్స్ నుంచి గుంటూరొచ్చాడని మీరే చెప్పారు గదా. మీరు నాలుగు వీధులు దాటి రాలేదేంది? మీకోసం శానాసేపు చూశాం" అంది. వెటకారం ఏమీ లేదు, తెలుసుకోవాలనే అడిగింది. ఒంట్లో బాగాలేదన్నాను. "ఇప్పుడు బాగుందా టీచర్?" అని అడిగింది.

ఆ సాయంత్రం నేను రాకపోయేసరికి ఆ పిల్లే అట్టముక్కకు సూదితో బెజ్జం చేసి, మబ్బు విడిచిన కాసేపట్లోనే కొడవలిలా తరిగిన సూర్యుణ్ణి బడి గోడ మీద పడేట్టు చేసిందట. నలభైమంది వరసగా నిలబడి చూశారట. హెడ్మాస్టరు ఆదాం గారు చెప్పారు.

ఇక అసలు సంగతి. ఇది రాయలేకే ఇంతసేపూ మీ మీద విరుచుకుపడ్డానేమో. ఆ రోజు తలుపుకు గడియ లేదు. అత్తయ్యగారు ఒక్కసారి చెప్పి వసారాలో కూర్చున్నారు. నేను లేచి వెళితే ఆవిడ ఆపగలిగేవారు కాదు. కిటికీకి దుప్పటి కట్టింది నేనే. కాళ్ళు చాపుకుని, వీపు దురద పెట్టినా గోక్కోకుండా గంటన్నర అలాగే పడుకున్నాను. పెదవి చీలడానికీ గ్రహణానికీ సంబంధం లేదని తొమ్మిదో తరగతికి పాఠం చెప్పిన నోరే నాది. అయినా కిందటేడు మూడో నెల కూడా నిండకుండా కడుపులోనే పోయిన బిడ్డే గుర్తొచ్చింది. ఏదైనా జరిగితే అందరూ గ్రహణం వల్లే అంటారు, చివరికి నేనూ నమ్ముతానేమోనని వణికిపోయాను. మీదీ అదే భయమని ఇప్పుడు తెలిసింది. మీరు నాతో అని ఉంటే ఇద్దరం కలిసి ఏడ్చేవాళ్ళం, ఆ తర్వాత నేను బడికి వెళ్ళేదాన్ని. భయపడినందుకు నాకు కోపం లేదు. దాచినందుకు మీ మీదా, పిల్లలకు అబద్ధం చెప్పినందుకు నా మీదా మండిపోతున్నాను.

రేపు ప్రార్థనలో నిజం చెబుతానని ఆదాం గారితో అన్నాను. "చెప్పండమ్మా, నేను పక్కనే నిలబడతా" అన్నారు.

మన నోటుబుక్కులో ఆగస్టు పదకొండు కింద, పై గీత మీద ఇప్పుడే రాశాను: '1999: జహీరున్నీసా మన బడి గోడ మీద సూర్యగ్రహణం చూపించింది. సైన్సు టీచరు భయపడి రాలేదు.' కింద గీత మీది, ఖాళీగా ఉంచాను. ఆ రోజు కోసం మీరేం చేశారో మీరే రాసి పంపండి, ఉన్నదున్నట్టు బోర్డు మీద పెడతాను. 'అంటారు' అని మాత్రం చేర్చకండి. దీనికి రుజువు నా దగ్గరుంది.

ఇట్లు,
కోపం తగ్గని మీ భార్య,
కోటిరత్నం