నడక వేగానికి కార్బరేటర్

అక్టోబరు 8

రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. నోటుబుక్కు బీరువా పొట్టికాలి కింద ఉంది. లాగితే బీరువా ఒరిగింది. వంటింట్లోంచి నూకాలు — "ఏటి మావా, కొంప కూల్చీసేలాగున్నావు!" పెళ్ళాం చేత అంత మాట పడ్డాక రాయకపోతే ఆ మాట దండగ.

సంగతి ఇది. లత పేటలో దా మ్యా గారింటికి వెళ్ళాను. ఓడ ఇంజనీరు భార్య. ఆయన పోయి ఆరేళ్ళు. ఆయన వదిలిపోయిన ఆకుపచ్చ అమెరికా కారుకి మొదటినుంచీ మిస్త్రీని నేనే. ఈ యాంగోన్‌లో రోడ్డుకి కుడిపక్కన నడుపుతారు, జపాను కార్లకు స్టీరింగూ కుడిపక్కనే ఉంటుంది. ఎదర ఏం వస్తోందో డ్రైవరు తప్ప అందరికీ కనపడుతుంది. దా మ్యా కారుకి మాత్రం స్టీరింగు ఉండాల్సిన చోటే ఉంది. అందుకే జనం వింతగా చూస్తారు.

టీ ఇచ్చి కూర్చోబెట్టింది. ఇక్కడ పనితనం తెలిసిన పెద్దవాణ్ణి సయాజీ అంటారు.

"సయాజీ, నిరుడు కఠిన ఊరేగింపులో మూడుసార్లు ఆగింది. విహారానికి చీవరాలు తీసుకెళ్ళే కారుని మగాళ్ళు తోసుకెళ్ళారు. ఈసారీ ఆగితే ఆ ఇంజను తీయించేస్తా. డీజిలు వేయిస్తా."

మేనల్లుడు కో ఆంగ్ ఫోనులోంచి తలెత్తకుండా — "లారీ ఇంజనొకటి చూసే పెట్టాను, అత్తా."

కఠినమంటే వానాకాలం అయ్యాక భిక్షువులకు కొత్త చీవరాలు, అంటే కట్టుబట్టలు, ఇచ్చే పండగ. ఊరేగింపు నవంబరు 2.

అక్టోబరు 9

ఇవాళ రెంచి పట్టుకోలేదు. పెన్సిలే.

నాలుగు వందల యాభైనాలుగు క్యూబిక్ అంగుళాల ఇంజను. ఎనిమిది సిలిండర్లు. పుస్తకం చెప్పే లెక్క ఇలా — ఆ అంగుళాలను నిమిషానికి తిరిగే గరిష్ఠ చుట్లతో గుణించు, మూడు వేల నాలుగు వందల యాభై ఆరుతో భాగించు. ఇంజను నిమిషానికి పీల్చే గాలి, ఘనపుటడుగుల్లో, వస్తుంది. గాలిలో పెట్రోలు కలిపే కార్బరేటర్ ఆ కొలతది ఉండాలి.

నిరుడు చుట్లు ఆరు వేల అయిదు వందలని వేశాను. ఎనిమిది వందల యాభై దాకా వచ్చింది. కో ఆంగ్ సరిగ్గా అదే తెప్పించాడు. ఇద్దరం చేతులు కలుపుకున్నాం.

గుణకారం తప్పలేదు. మరి యాంగోన్‌లో ఆరు వేల అయిదు వందల చుట్లు తిప్పే రోడ్డేదీ? సైకిలు రిక్షావాడు దాటిపోతూ చెయ్యూపే ఊరు ఇది. ఈ కారు జన్మలో నాలుగు వేల అయిదు వందలు దాటదు. మళ్ళీ వేశాను — అయిదు వందల తొంభై ఒకటి. ఏ ఇంజనూ ఊపిరి నిండా పీల్చదు కాబట్టి నూటికి ఎనభై అయిదు పాళ్ళు వేస్తే అయిదు వందలే. ఆరు వందలది పెడితే విందు భోజనం.

క్యాలెండరు వెనక మూడుసార్లు వేశాను. మూడుసార్లూ అంతే.

అక్టోబరు 10

నిరుడు తప్పింది ఇంజను కాదు. నేను.

చెరుకు రసం సన్న గొట్టంతో పీలిస్తే గొంతులోకి దూకుతుంది. వెదురు బొంగుతో పీల్చు — గాలే. పెద్ద కార్బరేటర్ అలాంటిదే. వేగంగా పోతుంటే దానంత మొనగాడు లేడు. నెమ్మదిగా పోతే గొంతు వెడల్పు, గాలికి ఊపు లేదు, పెట్రోలు సన్నగా చెదరదు. ప్లగ్గులు నల్లబడతాయి. ఆగుతుంది.

ఇదంతా నాకు తెలీదా? తెలుసు. నిరుడు ఓ తెల్లారగట్ల విమానాశ్రయం రోడ్డు ఖాళీగా ఉంటే ఒక్క తొక్కు తొక్కాం. ఆ గర్జన! డెబ్బై రెండేళ్ళవాణ్ణి, ఈల వేశాను. ఊరేగింపు నడక వేగమన్న సంగతి ఆ గర్జనలో కొట్టుకుపోయింది. కారు ఆగినప్పుడు "పాతబడిందండీ ఇంజను" అన్నవాణ్ణీ నేనే.

ఇప్పుడు దాన్ని పీకేస్తారట. నా మాట మీద.

అక్టోబరు 12

వాన. పని లేదు.

మా నాన్న ఓడెక్కి ఈ దేశం వచ్చి రేవులో బస్తాలు మోశాడు. ఆయనకి ఇంగ్లీషు రాదు, నాకూ రాదు. ఎవరో దొర డ్రైవరు అట్టలేని మాన్యువల్ ఒకటి పారేస్తే తెచ్చాడు, పొయ్యి రాజేయడానికి. బొమ్మలు బాగున్నాయని నేను దాచాను. బొమ్మ చూసి పార్టు, పార్టు చూసి మాట. అలా నేర్చుకున్న ఇంగ్లీషుతో ఇప్పటికీ కాఫీ అడగలేను గానీ ఫ్లోట్ వాల్వు గురించి పొద్దుగూకేదాకా మాట్లాడగలను. ఏం చెబుతున్నాను? ఆఁ... ఆరు వందలది. ఈ ఊళ్ళో ఎక్కడ దొరుకుతుంది?

అక్టోబరు 14

దొరికింది!

బస్సులో ఊరి చివర లైంగ్‌థార్యార్ వెళ్ళాను. ఏటి ఒడ్డున సింహాచలం పడవల ఇంజన్లు విప్పి అమ్ముతాడు. చిన్నప్పటి స్నేహం. నన్ను చూడగానే —

"ఒరే అప్పిగా! బతికే ఉన్నావేటిరా? సావు కబురు రానేదేటని సూత్తన్నాను."

"నీ కబురు ముందు విందామని ఆగాన్రా."

హోటలు వాళ్ళ స్పీడు బోటు ఒకటి ముక్కలై పడుంది. దాని మీద నాలుగు గొంతుల ఆరు వందల కార్బరేటర్. ముందు రెండు గొంతులు నా కాలు మాట వింటాయి. వెనక రెండూ ఇంజను అడిగితేనే తెరుచుకుంటాయి. నాకు కావలసిందీ ఇదే — కాలు కంటే ఇంజనుకే బుద్ధెక్కువ.

"పడవది కారుకెట్టీత్తావేటి? ఈదుతాదేటి కారు?"

పడవ కార్బరేటర్లో పెట్రోలు పొంగితే బయటికి కారదు, లోపలికే పడుతుంది. అందుకని గొట్టాలు లోపలికి వంచి ఉంటాయి. ఊరేగింపులో ముందూ వెనకా అగరొత్తులు పట్టుకున్న మనుషులు. వేడి ఇంజను మీద పెట్రోలు చుక్క కారకపోవడం కంటే ఏం కావాలి? చెబితే సింహాచలం కార్బరేటర్ని తిప్పి ఆ గొట్టాలు చూశాడు.

"నువ్వు ఎర్రోడివి కావురా. కొంచెం ఎర్రోడివి."

అక్టోబరు 15

ఫ్లోట్లు, అదే పెట్రోలు మీద తేలే ఇత్తడి డొల్లలు, వేణ్ణీళ్ళలో ముంచాను. ఒకదాంట్లోంచి బుడగలు. చిల్లు.

అక్టోబరు 18

చిల్లుకి మాటు వేయాలంటే ఇత్తడి మెరవాలి. నా చేతిలో మెరవలేదు. నూకాలు లాక్కుని చింతపండు పులుసుతో రెండు నిమిషాల్లో తోమేసింది. "దీపావళి కుందుల్తో పాటు ఇదీ ఒకటి. నీకు ఏభయ్యేళ్ళ నించీ తోముడు రానేదు." మాటు నిలిచింది. బుడగలు లేవు.

అక్టోబరు 20

దీపావళి. కుందులు మెరుస్తున్నాయి. కార్బరేటర్ ఇంకా మెరుస్తోంది. ఏది ఎక్కువ బాగుందో నూకాలికి చెప్పలేదు.

అక్టోబరు 23

కారు మింగళ తౌంగ్‌న్యున్ పేటలో మా సందులోకి తెప్పించాను. కొత్తది బిగించాను. ఒక్క తిప్పుకే అందుకుంది. కానీ నిలబడి మోగితే ఏం లాభం, నిరుడు పెద్దదీ నిలబడి మోగింది. ఊరేగింపు నడక కావాలి. నూకాలిని ముందు నడవమన్నాను.

"సేతిలో పళ్ళెం ఎట్టుకో. నాలుగడుగులెయ్యి, ఆగు, ఎవరితోనైనా మాటాడు, మళ్ళీ నడు. అక్కడ అందరూ సేసేది అదే."

"ఏటి మాటాడాల?"

"రోజూ మాటాడేదే."

"నీ గురించే మరి." పళ్ళెంలో దోసకాయలు పెట్టుకుని బయల్దేరింది. పక్కింటావిడ దగ్గర ఆగి నా గురించే మొదలెట్టింది. వెనకే నా కారు గుర్రుమంటూ నిలిచింది. మళ్ళీ కదలబోతే — దగ్గు. ఆగిపోయింది.

నూకాలు తిరిగి చూసి, "నన్ను గుద్దీలేదు గదా, అంతే సాలు" అంది.

కాలు కదిపినప్పుడు పెట్రోలు చిందే చిన్న పంపు ఆలస్యంగా చిందుతోంది. దాని కమ్మీ అరచుట్టు బిగించాను. మళ్ళీ దోసకాయల ఊరేగింపు. ఆరుసార్లు వెళ్ళాం, ఆరుసార్లు వచ్చాం. ఆగలేదు. నూకాలి కాళ్ళు పట్టాను రాత్రి, అది ఒప్పందం.

అక్టోబరు 26

దా మ్యాకి చెప్పేశాను. కో ఆంగ్ ముందే.

"నిరుడు కారు తప్పేం లేదమ్మా. పెద్ద కార్బరేటర్ సరేనన్నది నేను. లెక్క రోడ్డుకి వేయలేదు, నా సరదాకి వేశాను."

దా మ్యా టీ కప్పు నా ముందుకి జరిపింది. తర్వాత — "తెలుసు సయాజీ. కారు ఆగినప్పుడల్లా మీరు బానెట్టు వైపు చూడలేదు. చెప్పుల వైపు చూశారు."

కో ఆంగ్ ముఖం ఎర్రబడింది. తెప్పించింది వాడు కదా. "ఆరు వందలంటే చిన్నపిల్లల బండికి. లారీ ఇంజనువాడు నాలుగో తారీకు దాకా ఆగుతానన్నాడు" అని లేచిపోయాడు.

దా మ్యా మాట మారలేదు. ఆగితే డీజిలే.

నవంబరు 1

ప్లగ్గులు విప్పి చూశాను. నలుపు లేదు. ఇటిక రంగు, సరిగ్గా మండుతోందన్నమాట. ఎంత చక్కని రంగో.

నవంబరు 2

నడిపింది కో ఆంగ్. నేనే ఇమ్మన్నాను. నా కాలు మీద నాకు నమ్మకం లేదు, గర్జన వినాలనిపిస్తే?

వెనక సీట్లో దా మ్యా, ఒళ్ళో చీవరాలు. ముందు డప్పులు, ఆడేవాళ్ళు. నేను మడ్‌గార్డు మీద అరచెయ్యి పెట్టి పక్కన నడిచాను. అరచెయ్యి చెవి కంటే ముందు వింటుంది. మొదటి మలుపు — బాగుంది. కూరల బజారు దగ్గర అడ్డంగా వ్యాను. అందరూ ఆగారు. అయిదు నిమిషాలు... పది. ఆడేవాళ్ళు అక్కడే ఆడుతున్నారు. చేతి కింద ఇంజను ఒక్కసారి వణికింది. నా గుండె ఆగింది, అది ఆగలేదు.

వ్యాను తీశారు. కో ఆంగ్ కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"సయాజీ! యాక్సిలరేటర్ మీద కాలే పెట్టడం లేదు. బ్రేకు వదిలితే చాలు, అదే నడుస్తోంది!"

"చిన్నపిల్లల బండి కదా. చెయ్యి పట్టుకోనక్కర్లేదు."

నవ్వాపుకున్నాడు, కనపడింది.

విహారం గేటు దాకా ఆగలేదు. ఒక్కసారీ. దా మ్యా చీవరాలతో దిగి లోపలికి వెళ్ళిపోయింది. ఇంజను సంగతి ఎత్తలేదు. నేనూ అడగలేదు. మోకాళ్ళు పట్టేశాయి.

నవంబరు 3

దా మ్యా దగ్గరనుంచి కబురు లేదు.

సింహాచలం ఫోను చేశాడు. పొద్దున్న ఊళ్ళోకొస్తూ బంకు దగ్గర ఆకుపచ్చ కారు చూశాడట. పెట్రోలు వరస, చాలా పొడుగట. స్టీరింగు దగ్గర కో ఆంగ్ ఒక్కడే ఉన్నాడట. సింహాచలం పని చూసుకుని తిరిగొచ్చేసరికి గంటన్నర. కారు ఇంకా వరసలోనే ఉందట, ముందు రెండే బళ్ళు.

ట్యాంకు నిండా పెట్రోలు పోయించుకుని వెళ్ళాడట. లారీ ఇంజనువాడి గడువు రేపే.