దేఖా, దిఖా

12 మార్చి 2024
నాన్న పెద్దకర్మ అయిపోయింది. చుట్టాలు వెళ్లిపోయారు.
కారు నేనే నడిపాను. నాన్న నా పక్కన, అమ్మ వెనక సీట్లో. అమ్మకు చెయ్యి విరిగింది. నా ఒంటి మీద గీత కూడా పడలేదు. జనం ముందు తిరగాలంటే సిగ్గుగా ఉంది.
ఊళ్లో మాంగో పేట అవతల ఆ కొత్త రోడ్డు. మలుపు తిరగ్గానే నడిమధ్యన డివైడర్ మొదలవుతుంది. బోర్డు లేదు, లైటు లేదు, రిఫ్లెక్టర్ లేదు. కారు వెళ్లి దానికే గుద్దుకుంది. ఏ మహానుభావుడు డిజైన్ చేశాడో!

18 మార్చి
అడ్వొకేట్ తనుశ్రీ గారిని కలిశాను. దారులున్నాయన్నారు. రోడ్డు వేసిన కంపెనీ మీద ఇక్కడే దావా వేయొచ్చు, రాంచీ హైకోర్టుకూ వెళ్లొచ్చు. నా మీద పెట్టిన ర్యాష్ డ్రైవింగ్ కేసు కూడా నిలవదట. అయితే ఆ డివైడర్ ఎవరికీ కనబడేది కాదని ముందు తేలాలి. అమ్మ ఒక్కతే సాక్షి.

21 మార్చి, సాయంత్రం
హాస్పిటల్లో పోలీసులకు అమ్మ హిందీలో ఇచ్చిన స్టేట్‌మెంట్ కాపీ వచ్చింది. నా కొడుకు డివైడర్ చూడలేదు అని ఉంది, తప్పు నాదేనన్నట్టు.
కంచే చేను మేసింది. కాగితం ఎవరికీ చూపించలేదు, మా ఆవిడ కల్యాణికి కూడా.

22 మార్చి
అమ్మ ఎడమచేత్తో టీ తెచ్చింది. తాగలేదు.

30 ఏప్రిల్
అమ్మతో మాటల్లేవు. ఏం కావాలన్నా కల్యాణితో చెబుతున్నాను. ఎందుకని అమ్మ అడగదు. అడగనందుకూ కోపమే.

9 మే
అన్నం తింటున్నాను. అమ్మ కళ్లజోడు వెతుక్కుంటోంది. మా నవ్య తెలుగుకు పలకదని, దానితో అమ్మే హిందీలోకి దిగుతుంది. చష్మా దేఖా నహీ అంది. నవ్య నవ్వింది. దేఖా కాదు నానమ్మా, దిఖా అనాలి అంది. దేఖా నహీ అంటే చూడలేదని, దిఖా నహీ అంటే కనబడలేదని.
కంచం వదిలేసి ఆ స్టేట్‌మెంట్ కాగితం మళ్లీ తీశాను. పోలీసుతోనూ అమ్మ ఇదే హిందీ మాట్లాడి ఉంటుంది. కనబడలేదు అని చెప్పి నన్ను కాపాడబోయింది. నలభై ఏళ్లుగా వింటున్న హిందీ, నాకు తట్టలేదు. తల్లి గురించి ఎంత నీచంగా అనుకున్నాను!

10 మే
తనుశ్రీ గారికి ఫోన్ చేశాను. కోర్టులో తెలుగులోనే చెప్పిద్దాం, దుబాసీని అడుగుదాం అన్నారు. అమ్మతో ఆ మాట చెప్పే పని కల్యాణికి అప్పగించాను. ఇన్నాళ్లూ కోపం, ఇప్పుడు సిగ్గు. ఏ మొహం పెట్టుకుని మాట్లాడను? రేపు మాట్లాడతాను.

17 జూన్
రేపు తప్పకుండా.

20 జనవరి 2025
ఈ రోజు అమ్మ సాక్ష్యం. డివైడర్ కనబడలేదని తెలుగులో చెప్పింది. దుబాసీ సరిగ్గానే హిందీ చేశాడు. జడ్జి గారు రాయించుకుని, ఇంకేమైనా చెప్పాలా అని అడిగారు.
“నా కొడుకు నాతో మాటాడ్డం మానేసినాడు బాబూ. నానేటి తప్పు సేసినానో అడగండి.”
దుబాసీ ఒక్క మాట పోనివ్వకుండా అదీ హిందీలో చెప్పాడు.