వరసలో ఆఖరి సైకిలు

శుక్రవారం, సాయంత్రం
మేడమీద గది

అక్కకు నమస్కారాలు. బావగారికీ, ఆయన కారు హారనుకూ కూడా. ఇక్కడ అందరం కులాసా. నేనొక్కదాన్నే దారి తప్పానని నువ్వు అమ్మకు ఫోన్లో చెప్పావట, అందుకే ఈ ఉత్తరం.

ఉద్యోగంలో వెనక, పెళ్లిలో వెనక, ఆఖరికి సైకిలు తొక్కడంలోనూ వెనకే అన్నావట. పోయిన ఆదివారం తెల్లవారుతూనే మీరు మనింటికి వస్తూ దారిలో మా సైకిళ్ల గుంపును చూశారు కదా. అందరికంటే చివర నేను. ఇంటికొచ్చి కాఫీ తాగుతూ, మన పిల్ల తోక పట్టుకుని వేలాడుతోందని నవ్వావు. ఇప్పుడేమో రోడ్డు మీద ప్రాణాల మీదికి తెచ్చుకుంటుందని అమ్మను భయపెట్టావు. ఆదివారంలోగా సైకిలు అమ్మేయమని అమ్మ గొడవ.

అక్కా, ఆఖరి చోటు ఓపిక లేనివాళ్లకు ఇచ్చేది కాదు, నమ్మకమైనవాళ్లకు ఇచ్చేది. వెనకనుంచి బండి వస్తే మొదట వినేది నేనే. వెనక కారు అంటాను. ఆ మాట ఒకరి నోట్లోంచి ఇంకొకరి నోట్లోకి జారి మంచులోకి పోతుంది. ముందెక్కడో ఎవరో నిద్రలో పలవరించినట్టు వినిపిస్తుంది. జంటలుగా పోయేవాళ్లం ఒంటి వరసలోకి సర్దుకుంటాం. గుంత ఉంటే ముందునుంచి సైగ వస్తుంది. ఒక్కో చెయ్యీ కిందికి వంగి లేస్తుంది, నీళ్లడుగున నాచు ఊగినట్టు. ఆ కాసేపు నాకు ఒళ్లున్నట్టే తెలియదు. ఊపిరి నాదో చక్రాలదో తెలియదు.

ఆ రోజు మలుపు దగ్గర మీకు అరచెయ్యి చూపించి ఆగమన్నది నేనే. బావగారు హారన్ మీంచి చెయ్యి తీస్తేగా. ఎదురుగా వ్యాను వస్తోందని మా ముందువాళ్ల మాట వెనక్కి అందింది. అది మీకెలా కనిపిస్తుంది? వ్యాను దాటాక పొమ్మని నేనే చెయ్యూపాను. పోతూ పోతూ బావగారు అద్దం దించి నా ముందున్న పెద్దాయనతో, ఈ వయసులో ఈ వేషాలేంటండీ, ఇంట్లో కూర్చుని టీవీ చూసుకోవచ్చుగా అన్నారు. ఆయన తల వంచి, ఇంకాస్త పక్కకు జరిగి దారిచ్చాడు. మా అందరిలో నెమ్మదిగా తొక్కేది ఆయనే. ఆయన్ని వెనక వదిలేసి గుంపు సాగిపోకుండా చూడడం కూడా ఆఖరి సైకిలు పనే.

అందుకని సైకిలు అమ్మను.

నీ తోక చెల్లెలు

తా.క. ఆ పెద్దాయన నాన్న. హెల్మెట్టు, నల్లద్దాలు పెట్టుకుంటే అల్లుడికేం తెలుస్తుంది, నువ్వు కూడా పోల్చుకోలేదు. ఆపరేషన్ అయ్యాక మెల్లగా తొక్కితే మంచిదేనని డాక్టరే అన్నాడు. అమ్మ మాత్రం మెట్లు దిగితేనే కంగారుపడుతుంది. అందుకే వాకింగ్ పేరు చెప్పి, వీధి చివర షాపులో దాచిన సైకిలెక్కుతున్నాడు. మీ కారును ఆయన అప్పుడే గుర్తుపట్టాడు. ఇంటికొచ్చి బావగారికి రెండోసారి కాఫీ పోసిందీ ఆయనే. అల్లుడు చిన్నబోతాడు, చెప్పకే అన్నాడు.

చెప్పేశాను. అమ్మకూ నేనే చెప్తాను. ఎల్లుండి ఇద్దరం వెళ్తున్నాం.